ఇంటిలోనికి వచ్చు నీరు - ఇంటినుండి పోవు నీరు

మన పల్లెలలో ఇండ్ల తీరు మారినది. ఒకప్పుడు బావిలో చేదవేసి తోడి, బిందెతో మోసి తెచ్చుకొన్న నీరు ఇప్పుడు గొట్టములో ఇంటికి వచ్చుచున్నది. తెలంగాణలో 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ, దేశమంతటా 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ ఇంటింటికి కుళాయి పెట్టుటకు ఏర్పడినవే. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వవలెనని జలజీవన్ మిషన్ లక్ష్యము. దీనితోబాటు డాబామీద నీటి తొట్టి, లోపల స్నానాల గది, మరుగుదొడ్డి కూడ చాల ఇండ్లలో ఏర్పడినవి.

ఈ సదుపాయముతో ఒక చిక్కు కూడ వచ్చినది. బిందెతో మోసిన రోజులలో ఏ నీరు ఎక్కడిదో ఇల్లాలికి తెలిసియుండెడిది. అంట్లు తోమిన నీరు పెరటి అరటిచెట్టుకు పోవుట కంటికి కనబడెడిది. ఇప్పుడు మంచి గొట్టము, మురుగు గొట్టము రెండును గోడలోను నేలలోను దాగియున్నవి. ఎక్కడనైన ఈ రెండు దారులు కలిసినచో ఇంటిలో పచ్చకామెర్లో, టైఫాయిడో వచ్చిన తరువాత గాని తెలియదు. కావున గొట్టములు వేయు పని మేస్త్రీది అయినను, ఆ పనిలోని సూత్రము ఇంటి యజమానికి తెలిసియుండవలెను.

రైతునకు ఇది కొత్త శాస్త్రమేమియు కాదు. చెరువు తూము, కాలువ, బోదె, మడవ ఎరిగిన మీకు నీటి స్వభావము తెలియును. ఎత్తునుండి పల్లమునకు పోవుట, సందు దొరికిన చోట దూరుట, అడ్డువచ్చిన చోట నెమ్మదించుట, ఇవే దాని గుణములు. గొట్టములోని నీరు కూడ కాలువలోని నీరే. కాకపోతే నాలుగువైపుల మూసియున్నది.

తొట్టి ఎత్తు, గొట్టము లావు

కుళాయిలో నీరు జోరుగా వచ్చుటకు తొట్టి పెద్దదిగా ఉండవలెనని చాలమంది అనుకొందురు. ఇది పొరపాటు. ఒత్తిడి తొట్టి వైశాల్యమునుబట్టి కాక, నీటిమట్టము కుళాయికంటె ఎంత ఎత్తున ఉన్నది అను దానినిబట్టి కలుగును. 10 మీటర్ల ఎత్తునకు చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 1 కిలో ఒత్తిడి వచ్చును. మీ తొట్టి కుళాయికంటె 3 మీటర్ల పైన ఉన్నచో వచ్చునది అందులో మూడవ వంతు కంటె కొంచెము తక్కువ. 500 లీటర్ల తొట్టి అయినను 2000 లీటర్ల తొట్టి అయినను నీటిమట్టము ఒకే ఎత్తున ఉన్నంతవరకు కుళాయివద్ద తేడా ఉండదు. జోరు కావలసినవారు తొట్టిని పెద్దది చేయుట కంటె, దాని క్రింద మూడు నాలుగు అడుగుల దిమ్మె కట్టుట మేలు.

దిమ్మె కట్టునప్పుడు బరువు సంగతి మరువరాదు. లీటరు నీరు కిలో తూగును. 1000 లీటర్ల తొట్టి నిండినచో టన్ను బరువు. దానిని స్లాబు నడుమ ఉంచక, గోడలు కలిసిన మూలమీదనో దూలముమీదనో ఉంచవలెను.

ఇక గొట్టము లావు. నీరు గొట్టపు గోడను రాచుకొనుచు పోవును. గొట్టము సన్నమగుకొలది ఈ రాపిడి ఎక్కువ. అరంగుళపు గొట్టమునకు బదులు అంగుళపు గొట్టము వేసినచో, అదే ఎత్తునుండి, అంతే దూరమునకు సుమారు ఆరు రెట్లు నీరు వచ్చును. లావు రెట్టింపు అయినచో నీరు రెట్టింపు అగుననుకొని లెక్కవేసినవారు మోసపోవుదురు. ఖర్చు తగ్గునని తొట్టినుండి దిగు గొట్టమునే అరంగుళముది వేయుట, స్నానాల గదిలో కుళాయి తిప్పగానే వంటింటిలో ధార ఆగిపోవుట మనము తరచు చూచుచున్నదే. ప్రధాన కాలువ వెడల్పుగాను, పొలములోని బోదె సన్నముగాను ఉండునట్లే తొట్టినుండి దిగునది అంగుళముగాని అంగుళమున్నరగాని, గదులకు చీలునవి ముప్పాతిక అంగుళము, కుళాయికి పోవునది అరంగుళము ఉండవలెను. వంపులు ఎంత తక్కువైన అంత మంచిది. నడుమ గొట్టము ఒంటె మూపువలె పైకిలేచి దిగినచో ఆ గూనిలో గాలి చేరి నీటిని ఆపును. వాలు ఒకే వైపునకు ఉన్నచో ఈ బాధ లేదు.

తొట్టికి నీరు పోవు గొట్టము అడుగునకు రెండంగుళములు పైన ఉండవలెను. ఒండ్రు అడుగున నిలిచిపోవును. ఆ ఒండ్రును కడిగివేయుటకు అట్టడుగున వేరొక గొట్టము, దానికి బిరడా ఉండవలెను. పొర్లు గొట్టము, నింపు గొట్టముకంటె లావుగా ఉండి, దాని మూతికి సన్నని జాలి కట్టియుండవలెను. తొట్టిమూత సందు లేకుండ పట్టవలెను. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగునీటిలోకంటె మన తొట్టిలోని తేట నీటిలోనే గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడును. వారము పదిరోజులలో గ్రుడ్డు దోమ అగును. ప్లాస్టిక్ గొట్టములలో మామూలు రకము ఎండకు పెళుసెక్కును, వేడినీటికి మెత్తబడును. డాబామీద ఎండలో పోవు గొట్టమునకు రంగైన వేయవలెను. వేడినీటికి ఆ పనికై చేసిన రకమునే వాడవలెను.

మోటారు విషయము సేద్యపు బావులున్నవారికి నేను చెప్పనక్కరలేదు. గట్టుమీద పెట్టిన మోటారు నీటిని నిజముగా పీల్చుట లేదు. అది గొట్టములోని గాలిని తీసివేయగా, బయటి గాలి ఒత్తిడి బావిలోని నీటిని పైకి నెట్టుచున్నది. ఆ ఒత్తిడి మోయగలిగినది 10 మీటర్లకు కొంచెము పైన మాత్రమే. ఆచరణలో 20, 22 అడుగులు దాటినచో పని చెడును. నీటిలో మునిగియుండు మోటారు క్రిందినుండి నెట్టును గనుక దానికి ఈ హద్దు లేదు.

నీరు వెనుకకు పారుట

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. ఇంతవరకు చెప్పినవాటిలో తప్పు చేసినచో ధార సన్నగిల్లును, అంతే. ఇక చెప్పబోవు దానిలో తప్పు చేసినచో ప్రాణము మీదికి వచ్చును.

గొట్టములోని నీరు ఎల్లప్పుడు కుళాయి వైపునకే వచ్చునని మనకు నమ్మకము. తొట్టిలో నీరున్నంతవరకు అది నిజము. కాని పై తొట్టి ఖాళీ అయినచో, లేక దాని వాల్వు కట్టినచో, గొట్టమునకు ముందు వెనుకలు లేవు. ఎక్కడ పల్లమున్నదో అక్కడికి పారును.

ఒక ఉదాహరణ చూడుడు. పైరుమీద మందు చల్లుటకు ట్రాక్టరు ట్రక్కులో పీపా పెట్టి, పెరటి కుళాయికి రబ్బరు గొట్టము తగిలించి, దాని రెండవ కొన పీపా అడుగువరకు వేసినారు. మందు ముందే పోసినారు. నీరు నిండుచున్నది. ఇంతలో పై తొట్టి ఖాళీ అయినది. పీపాలోని మట్టము నేలకు అయిదడుగుల ఎత్తున ఉన్నది. వంటింటి కుళాయి మూడడుగుల ఎత్తున ఉన్నది. ఇల్లాలు వంటింటి కుళాయి తిప్పగానే రబ్బరు గొట్టము పీపాలోని మందునీటిని ఎక్కదీసి వంటింటికి దించును. గట్టు దాటించి మడిలోనికి నీరు పెట్టుటకు వంపుగొట్టము వాడు రైతునకు ఇది ఎట్లు జరుగునో తెలియును. బిందె నిండును. ఆ నీరు ఎక్కడినుండి వచ్చినదో ఆమెకు తెలియదు.

దీనికి మందు చాల చౌకైనది. గొట్టపు కొన ఎన్నడును నీటిలో మునుగరాదు. పీపా అంచుకు పైన బెత్తెడు ఖాళీ ఉండునట్లు గొట్టమును కట్టవలెను. ఆ బెత్తెడు గాలిని దాటి నీరు వెనుకకు పోలేదు. పశువుల కుడితి తొట్టికి, బట్టలుతుకు తొట్టికి, డాబామీది తొట్టికి కూడ ఇదే నియమము. డాబాతొట్టిలో నింపు గొట్టపు మూతి, పొర్లు గొట్టముకంటె పైన ఉండవలెను. పీపాలో ముందు నీరు నింపి, గొట్టము తీసివేసిన తరువాతనే మందు కలుపుట ఇంకను మంచిది. పంచాయతీ నీరు, సొంత బోరునీరు రెండును ఉన్నవారు ఆ రెండు గొట్టములను ఒక వాల్వుతో కలుపరాదు. వాల్వు అరిగిననాడు మీ బోరునీరు ఊరి గొట్టములోనికి పోవును. రెండింటిని విడివిడిగా పై తొట్టిలో పైనుండి పడునట్లు వదలవలెను.

ఇదే కీడు ఊరంతటికి ఎట్లు జరుగునో గ్రామాధికారులు గమనించవలెను. మన ఊళ్లలో పంచాయతీ నీరు రోజులో గంటో రెండు గంటలో వచ్చి ఆగిపోవును. ధార చాలదని ఒకరు కుళాయి క్రింద గుంట త్రవ్వి, కుళాయిని రెండడుగులు దించుదురు. ఎత్తుకు ఒత్తిడి అను సూత్రము ప్రకారము వారికి నీరెక్కువ వచ్చును. అది చూచి ప్రక్కవారు మూడడుగులు త్రవ్వుదురు. కొన్నాళ్లకు వీధి వీధంతయు గుంటలే. ఇట్లు అందరు దించుకొన్నచో లాభపడిన వారెవరును ఉండరు. ఉన్న నీరు ఉన్నంతే గదా! ఆ గుంటలలో అంట్లనీరు, వాననీరు, పశువులు తొక్కిన బురద చేరును. నీరు వదలుట ఆపగానే గొట్టములో మిగిలిన నీరు ఊరి పల్లపు వైపునకు జారిపోవును. జారిపోవుచు వెనుక ఖాళీని వదలును. గుంటలో మునిగియున్న ప్రతి కుళాయి మూతినుండి ఆ ఖాళీలోనికి మురికినీరు పీల్చబడును. మరునాడు మొదట వచ్చు బిందె ఆ నీరే. మురుగు కాలువలో మునిగి పోవు గొట్టమునకు చిన్న చీలిక ఉన్నను ఇదే కథ.

ఇక కుళాయికి నేరుగా మోటారు తగిలించుట అన్నిటికంటె చెడ్డది. అది గుంటవలె నీరాగిన తరువాత కాక, నీరు వచ్చుచుండగనే పొరుగువారి వాటా లాగుకొనును. వీధి గొట్టములోని ఒత్తిడిని హరించి, ఎక్కడ చీలిక ఉన్నదో అక్కడినుండి మురుగును లోపలికి గుంజును. ఇంటికి నీరు ఎక్కించవలెనన్నచో నేలతొట్టి కట్టి, కుళాయినీరు తనంతట తాను అందులో పడనిచ్చి, ఆ తొట్టినుండి మోటారు పెట్టుకొనవలెను. నేలతొట్టి అంచు నేలకు అడుగు ఎత్తున ఉండి, వాననీరు జొరబడకుండ మూత ఉండవలెను. మరుగుదొడ్డి గుంటకు సాధ్యమైనంత దూరమున ఉండవలెను.

పంచాయతీవారు చేయవలసినది మూడు పనులు. వీధిలోని కుళాయిలన్నింటిని ఒకే ఎత్తున దిమ్మెమీద పెట్టించి గుంటలు పూడ్పించుట, మురుగు కాలువలో నడుచు గొట్టమును తప్పించి వేయించుట, వీధి చివరి ఇంటివద్ద నీటిలో క్లోరిను మిగిలియున్నదా అని పరీక్షించుట. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైన మిగిలియుండవలెను. తొట్టివద్ద పరీక్షించి తృప్తిపడుట వలన లాభము లేదు. దారిలో కలిసిన మురికి కనబడునది చివరి ఇంటివద్దనే.

పోవు నీరు

మురుగు గొట్టములో నీటితోబాటు గాలి కూడ నడుచును. ఆ గాలి, దానితో దుర్గంధము, బొద్దింకలు ఇంటిలోనికి రాకుండ ఆపునది గొట్టపు వంపులో నిలిచిన కొద్దిపాటి నీరే. లండనులో గడియారములు చేయు అలెగ్జాండరు కమ్మింగు అను నతడు 1775లో ఈ వంపు గొట్టముగల మరుగుదొడ్డికి హక్కుపత్రము పొందెను. ఇప్పటికిని దానికంటె చౌకైన తలుపు ఎవరును కనిపెట్టలేదు. స్నానాల గది వంపులో 2 అంగుళముల నీరు నిలువవలెను. గ్రామములకై చేసిన నిట్రవాలు మరుగుదొడ్డి పళ్లెములో ముప్పాతిక అంగుళమే నిలుచును. అందుకే దానికి లీటరున్నర, రెండు లీటర్ల నీరు చాలును. చుట్టాలు వచ్చినప్పుడే వాడు గదిలో ఈ నీరు ఎండిపోయి వాసన వచ్చును. అప్పుడు మేస్త్రీని పిలువనక్కరలేదు. చెంబుడు నీరు పోసిన చాలును.

పెద్ద బకెట్టు ఒక్కసారి కుమ్మరించినప్పుడు గొట్టము నిండి పారుచు, వంపులోని నీటిని కూడ తనతో లాగుకొనిపోవును. దీనిని ఆపుటకే మురుగు గొట్టమునకు డాబాపైవరకు గాలిగొట్టము పెట్టుదురు. నాలుగంగుళముల మురుగు గొట్టమునకు 40 అడుగుల పొడవునకు 1 అడుగు వాలు తగియుండును. తగ్గినచో మలము నిలిచిపోవును.

మరుగుదొడ్డికి రెండు గుంటల పద్ధతి రైతునకు మిక్కిలి తగినది. గుంటల గోడలో ఇటుకల మధ్య సందులు వదలి కట్టుదురు. ఒక గుంట నిండగానే దారి మార్చి రెండవ దానిలోనికి వదలుదురు. మూసిన గుంటను రెండేండ్లు కదలింపక ఉంచినచో లోపలిది వాసన లేని నల్లని ఎరువగును. దానిని చేలో వేసికొనవచ్చును. ఒకేసారి రెండు గుంటలలోనికి వదలినచో ఈ లాభము పోవును. స్నానపు నీటిని ఈ గుంటలలో వదలరాదు. తడి ఎక్కువై గుంట పనిచేయదు.

సెప్టిక్ తొట్టి కట్టినవారు దాని నుండి వచ్చు నీరు శుభ్రమైనదని భ్రమపడరాదు. చూచుటకు తేటగా ఉన్నను దానిలో రోగక్రిములు ఉండును. దానిని వీధికాలువలోనికి కాక ఇంకుడు గుంటలోనికి వదలవలెను. ఆ తొట్టిలోనికి మనిషిని ఎన్నడును దింపరాదు. అందులోని విషవాయువు కంటికి కనబడదు. మొదట దిగినవానిని, వానిని రక్షింప దిగినవానిని కూడ చంపును. మనుషులచేత ఈ పని చేయించుటను 2013 చట్టము నిషేధించినది. యంత్రముతో తోడించవలెను.

గుంటకును త్రాగునీటి బావికిని ఎంత దూరము? 1854లో లండనులోని బ్రాడ్ వీధిలో ఒక చేతిపంపు నీరు త్రాగినవారిలో కలరా వ్యాపించి, ఆ చుట్టుప్రక్కల కొలది దినములలోనే 500 మందికి పైగా మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటికి తిరిగి లెక్క తీసి, ఆ పంపే కారణమని చూపెను. పంపు పిడిని తీసివేసిరి. తరువాత త్రవ్వి చూడగా, ఒక ఇంటి మురుగు గుంట ఆ బావికి మూడడుగుల దూరములోనే ఉన్నది. ఆ గుంట గోడ శిథిలమై మురుగు బావిలోనికి ఊరినది. మనము 50 అడుగుల దూరము, వీలైనచో ఇంకను ఎక్కువ పాటింపవలెను. నేల వాలులో బావి ఎగువను, గుంట దిగువను ఉండవలెను. రాతినెరియలుగల నేలలో మురుగు వడబోత లేకయే చాల దూరము పోవును గనుక అక్కడ దూరము పెంచవలెను. కృష్ణా గోదావరి డెల్టాలలోవలె వానకాలమున నీరు పైకి వచ్చు చోట్ల గుంట అడుగుకును నీటిమట్టమునకును 2 మీటర్ల ఎడము దొరకదు. అట్టిచోట లోతు గుంట పనికిరాదు. ఇంజనీరు సలహా తీసికొని, నేలపైకి మట్టిదిమ్మె లేపి కట్టించుకొనవలెను.

బావినీరు త్రాగువారు బ్లీచింగు పొడి కలుపుట మానరాదు. మంచి పొడి అయినచో 1000 లీటర్లకు 2.5 గ్రాములు. లెక్క ఇట్లు చేయుడు. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల నీటి లోతు గల గుండ్రని బావిలో 3ను 3చేత, దానిని 4చేత, దానిని 0.785చేత గుణింపగా 28 ఘనపు మీటర్లు, అనగా సుమారు 28,000 లీటర్లు. పొడి 70 గ్రాములు. దానిని బకెట్టులో కలిపి, సున్నము అడుగునకు దిగిన పిమ్మట పై తేటను మాత్రమే బావిలో పోసి, చేదతో పైకి క్రిందికి కలియబెట్టవలెను. గంటసేపు ఆగి వాడుకొనవచ్చును. రాత్రి వేసి ఉదయము తోడుకొనుట సులభము. డబ్బా మూత తీసి ఉంచిన పాతపొడిలో బలము ఉండదు.

వంటింటినీరు, స్నానపునీరు మాత్రము పారవేయుటకు కాదు. జిడ్డును, మెతుకులను పట్టుటకు ఒక చిన్న తొట్టి కట్టి, అందుండి అరటికి, కొబ్బరికి, కరివేపకు పాదులలోనికి వదలవచ్చును. నల్లరేగడి నేలలో ఇంకుడు గుంటలు నీటిని త్వరగా పీల్చవు. అక్కడ పాదులు నాలుగైదు చేసి, వంతులవారీగా మార్చుచుండవలెను.

కొత్తగా గొట్టములు వేయించుచున్నవారు గోడకు సిమెంటు పూయుటకు ముందు అన్ని కుళాయిలు మూసి, తొట్టి నింపి, ఒక పగలు ఒక రాత్రి అట్లే ఉంచి చెమ్మ ఎక్కడ ఊరుచున్నదో చూడవలెను. ఆ తరువాత ఒక కాగితముమీద ఇంటి పటము గీసి, మంచి గొట్టము ఒక రంగుతోను మురుగు గొట్టము వేరొక రంగుతోను గుర్తించి, ఏ గోడకు ఎన్ని అడుగుల దూరమున, ఎంత లోతున పోవుచున్నదో వ్రాసి, ఇంటి దస్తావేజులతోబాటు దాచియుంచవలెను. పదేండ్ల తరువాత గోడకు మేకు కొట్టబోవువాడు ముందు ఆ కాగితము తీసి చూచును.